నాగార్జునకొండ తవ్వకాలు

నాగార్జునకొండ తవ్వకాలు అనగా పల్నాడు ప్రాంతంలో కృష్ణానది కుడి ఒడ్డున గల ఒక లోయలో 1926 నుండి 1960 వరకు దఫదఫాలుగా జరిగిన పురావస్తు పరిశోధనలు. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులకు రాజధానియైన విజయపురి ఈ లోయలోనే ఉండేది. నాగార్జునసాగర్ జలాశయం నిండడంతో ఆ నగరమున్న నేల నీట మునిగిపోయినది. లోయలోని ఎత్తైన కొండ ఒక్కటి మాత్రం ద్వీపంగా మిగిలినది. కనుక విజయపురిని గురించి నేడు మనం చదువుకొనేది చాలవరకు నీరు రాకముందు తవ్వి, కొలిచి, గీసి, ఫొటోలు తీసి భద్రపరచిన సమాచారమే. ఈ వ్యాసం ఆ తవ్వకాలను, వాటివలన తెలిసిన విషయాలను, వాటిని విద్యార్థులు అర్థం చేసుకోవలసిన తీరును వివరిస్తుంది.

ఉనికి, పేరు

నాగార్జునకొండ ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా, మాచర్ల మండలంలో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడేవరకు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. లోయకు మూడు వైపుల నల్లమల కొండల శాఖలు, నాలుగవ వైపు కృష్ణానది ఉండేవి. శత్రువుల నుండి రక్షణకు, నదీమార్గంలో వ్యాపారానికి అనువైన చోటు కావడం వలన ఇక్కడ రాజధాని వెలసినదని భావిస్తారు.

ఇక్ష్వాకుల శాసనాలలో నగరం పేరు విజయపురి, కొండ పేరు శ్రీపర్వతం. నాగార్జునకొండ అనేది తరువాతి కాలంలో స్థిరపడిన పేరు. మహాయాన ఆచార్యుడైన నాగార్జునుడు ఇక్కడ నివసించాడని సంప్రదాయం చెబుతుంది. అయితే ఈ లోయలోని ఇక్ష్వాకుల శాసనాలలో ఆయన ప్రస్తావన కనబడదు. సంప్రదాయం చెప్పేది ఒకటి, శాసనం చెప్పేది ఒకటి అయినప్పుడు రెండింటినీ వేరువేరుగా పేర్కొనడం చరిత్ర పాఠంలో అవసరం.

వెలుగులోకి వచ్చిన విధం

ఈ స్థలం లోకానికి తెలియడానికి మూలకారకుడు ఒక ఉపాధ్యాయుడు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అను స్థానిక బడిపంతులు లోయలో ఒక ప్రాచీన స్తంభాన్ని చూసి, దాని ప్రాముఖ్యాన్ని గుర్తించి, మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. ఆ సమాచారం అందుకొని శాసన విభాగంలో తెలుగు సహాయకుడుగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించి ఇది పరిశోధింపదగిన స్థలమని నిర్ధారించాడు. ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయి కూడ అదే కాలంలో ఈ ప్రాంతంలోని బౌద్ధ శిథిలాలను పరిశీలించాడు.

ఇటువంటి రాళ్ళు పొలాలలో, గట్ల మీద అనేక గ్రామాలలో కనబడుతూనే ఉంటాయి. వాటిని ఇంటి మెట్లకో, బావి గట్టుకో వాడుకోవడం కూడ అలవాటే. రాతిమీది గీతలు అక్షరాలని గుర్తించి, ఆ రాయిని కదపకుండా సంబంధిత శాఖకు తెలియజేయడమే ఇక్కడ చరిత్రను మలుపు తిప్పినది.

మొదటి తవ్వకాలు

భారత పురావస్తు శాఖకు చెందిన ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ 1927 నుండి 1931 వరకు ఇక్కడ తవ్వకాలు జరిపాడు. స్తూపాలు, విహారాలు, గజపృష్ఠాకార చైత్యగృహాలు, శాసనాలు, నాణేలు, నాలుగు వందలకు పైగా శిల్ప ఫలకాలు బయటపడినవి. వీటి వివరాలను ఆయన 1938లో గ్రంథరూపంలో ప్రకటించాడు. శాసనాలను డచ్చి పండితుడు జె.పి.హెచ్. వోగెల్ చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మరికొన్ని చోట్ల తవ్వి తన నివేదికను 1953లో వెలువరించాడు.

ఈ తొలి తవ్వకాలలో దృష్టి ప్రధానంగా బౌద్ధ కట్టడాల మీదనే నిలిచినది. నగరంలో సామాన్యులు ఎక్కడ నివసించారు, రాజు కోట ఎక్కడ, ఇక్ష్వాకులకు ముందు ఈ లోయలో ఎవరున్నారు అను ప్రశ్నలకు సమాధానం రావడానికి మరి పదహారేళ్ళు పట్టినది.

జలాశయం, ఆరేళ్ళ తవ్వకాలు

కృష్ణానదిపై నందికొండ వద్ద ఆనకట్ట నిర్మించాలని నిర్ణయం కావడంతో ఈ లోయ మునిగిపోతుందని తేలినది. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. అంతకు ఒక సంవత్సరం ముందే, అనగా 1954లో, పురావస్తు శాఖ ఇక్కడ ప్రత్యేక తవ్వకాల విభాగాన్ని ఏర్పాటు చేసి ఆర్. సుబ్రహ్మణ్యంకు బాధ్యత అప్పగించినది. 1960 వరకు ఆరేళ్ళపాటు లోయ అంతటా పని సాగినది.

సాధారణంగా పురావస్తు శాస్త్రజ్ఞులు ఒక దిబ్బను మొత్తం తవ్వరు. కొంత భాగం తవ్వి, మిగిలినదానిని తరువాతి తరాల వారికి విడిచిపెడతారు. భవిష్యత్తులో మెరుగైన పద్ధతులు వస్తాయని, కొత్త ప్రశ్నలు పుడతాయని ఈ నియమానికి కారణం. నాగార్జునకొండలో ఆ అవకాశం లేకపోయినది. విడిచిపెట్టినదంతా నీటిపాలు కావలసినదే. అందువలన పాతరాతియుగం మొదలు మధ్యయుగం వరకు గల అవశేషాలన్నిటినీ వీలైనంత విస్తృతంగా తవ్వి నమోదు చేశారు.

ఈ పని కాలంతో పోటీపడి జరిగినదని అర్థం చేసుకోవడానికి ప్రపంచంలోని మరొక ఉదాహరణ ఉపయోగపడుతుంది. ఈజిప్టులో ఆస్వాన్ ఎత్తైన ఆనకట్ట వలన మునిగిపోనున్న నుబియా కట్టడాలను రక్షించవలసినదిగా యునెస్కో 1960 మార్చిలో ప్రపంచ దేశాలకు విజ్ఞప్తి చేసినది. అబూ సింబెల్ ఆలయాలను 1964–68 మధ్య కోసి పైకి తరలించారు. ఆ విజ్ఞప్తి వెలువడేనాటికి నాగార్జునకొండలో ఆరేళ్ళ తవ్వకాలు ముగింపు దశకు వచ్చినవి.

లోయలో బయటపడినవి

చరిత్రకు పూర్వయుగం: పాతరాతియుగపు పనిముట్లు, కొత్తరాతియుగానికి చెందిన గుంట ఇళ్ళ జాడలు, సమాధులు లభించినవి. పెద్ద రాళ్ళతో కట్టిన బృహత్ శిలా సమాధులు కూడ బయటపడినవి. పల్నాటివాసులు రాక్షసగుళ్ళని పిలిచే సమాధులు ఈ తరగతికి చెందినవే. విజయపురి వెలయడానికి వేల సంవత్సరాల ముందునుండి ఈ లోయలో మానవులు నివసించారని వీటివలన తెలిసినది.

కోట, అశ్వమేధ స్థలం: నది ఒడ్డున ప్రాకారం, కందకం గల కోట బయటపడినది. కోట ప్రాంతంలో యజ్ఞానికి సంబంధించిన కట్టడాలు, మెట్లతో కూడిన కోనేరు కనబడినవి. మొదటి ఇక్ష్వాకు రాజైన వాసిష్ఠీపుత్ర శ్రీ శాంతమూలుడు అశ్వమేధం చేసినట్లు శాసనాలు చెబుతున్నవి. ఈ కోనేరు యజ్ఞాంతమున చేయు అవభృథ స్నానానికి ఉద్దేశించినదని తవ్వినవారు భావించారు.

మహాచైత్యం: దీని వ్యాసం 106 అడుగులు. దీని పునాదిని పైనుండి చూస్తే బండి చక్రంవలె ఉంటుంది. నడుమ కుండ, దాని నుండి ఆకులవలె అడ్డుగోడలు, చుట్టూ కమ్మివలె గుండ్రని గోడలు కట్టి, మధ్యనున్న గదులను మట్టితో నింపారు. ఇటుకను ఆదా చేస్తూనే కట్టడానికి బలం చేకూర్చే విధానమిది. చక్రం ధర్మచక్రానికి గుర్తు కూడ. ఈ గదులలో ఒకదానిలో లాంగ్‌హర్స్ట్‌కు వెండి భరిణె, దానిలో చిన్న బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క లభించినవి. ఆ ధాతువును తరువాత మహాబోధి సొసైటీకి అప్పగించగా దానిని సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారంలో భద్రపరచారు.

ఆయక స్తంభాలు: స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొని వచ్చిన వేదికలను ఆయకాలంటారు. ఒక్కొక్క దానిపై ఐదేసి స్తంభాలు నిలుపుతారు. ఇవి బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ప్రథమోపదేశం, మహాపరినిర్వాణం అను ఐదు ఘట్టాలకు గుర్తులని చెబుతారు. అనేక శాసనాలు ఈ స్తంభాల మీదనే ఉన్నవి. ఆయక స్తంభాలు ఆంధ్రదేశపు స్తూపాల ప్రత్యేకత.

విహారాలు: ముప్పైకి పైగా బౌద్ధ స్థావరాలు లోయలో బయటపడినవి. అన్నీ ఒకే శాఖకు చెందినవి కావు. అపరమహావినసేలియ, బహుశ్రుతీయ, మహీశాసక శాఖలకు వేరువేరు విహారాలుండేవి. సింహళ భిక్షువులకు మరొక విహారం ఉండేది. కొన్ని శాఖలవారు బుద్ధుని విగ్రహాన్ని పూజించగా, మరికొన్ని శాఖలవారు స్తూపాన్ని మాత్రమే ఆరాధించిరని కట్టడాల తేడాలను బట్టి ఊహించారు. కొన్ని స్తూపాల పునాదులలో ఆకులకు బదులు స్వస్తిక ఆకారం కనబడినది.

దేవాలయాలు: కోటకు సమీపంలోను, నది ఒడ్డునను శివ, విష్ణు, కార్తికేయ ఆలయాల శిథిలాలు లభించినవి. సర్వదేవాలయం, పుష్పభద్రస్వామి ఆలయం, అష్టభుజస్వామి ఆలయం వీటిలో ముఖ్యమైనవి. రాళ్ళతో, ఇటుకలతో కట్టిన దక్షిణాది హిందూ దేవాలయాలలో ఇవి చాలా ప్రాచీనమైనవి.

ప్రదర్శనశాల: నలుచదరపు ఆటస్థలం, దాని చుట్టూ నాలుగు వైపుల మెట్ల వరుసలు గల కట్టడం మరొకటి. నడిమి స్థలం సుమారు 16 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు ఉంటుంది. మెట్లను ఇటుకతో కట్టి పైన నాపరాళ్ళు పరచారు. ఇటువంటి కట్టడం ప్రాచీన భారతదేశంలో అరుదు. ఇక్కడ మల్లయుద్ధాలు, నాట్య ప్రదర్శనలు జరిగి ఉండవచ్చునని ఊహ.

ఛాయాస్తంభాలు: మరణించినవారి జ్ఞాపకార్థం నిలిపిన రాతి స్తంభాలివి. శాంతమూలుని కోసం ఆయన కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో బంధువర్గంలోని స్త్రీలు నిలిపిన స్తంభం వీటిలో ప్రసిద్ధమైనది. యుద్ధంలో మరణించిన వీరులకు, శిల్పులకు కూడ ఇటువంటి స్తంభాలున్నవి. కారెంపూడిలో వీరులను స్మరించే సంప్రదాయం గల పల్నాటికి ఈ స్తంభాలు మరింత ఆసక్తి కలిగిస్తాయి. ఈ రెండింటికి నేరుగా సంబంధమున్నదని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. మధ్య ఎనిమిది వందల సంవత్సరాలకు పైగా ఎడమున్నది.

శిల్పాలు: ఇవి పల్నాటి సున్నపురాయిపై చెక్కినవి. జాతక కథలు, బుద్ధుని జీవిత ఘట్టాలు వీటి ప్రధాన విషయాలు. అమరావతి శిల్పశైలికి ఇవి చివరి దశగా పరిగణింపబడుతున్నవి. రోమను బంగారు నాణేలు, ఇక్ష్వాకుల సీసపు నాణేలు, కంసాలి వాడిన అచ్చులు కూడ లోయలో లభించినవి.

శాసనాలు చెప్పే విషయాలు

విజయపురి శాసనాలు బ్రాహ్మీ లిపిలో ఉన్నవి. భాష ఎక్కువగా ప్రాకృతం. ఎహువుల శాంతమూలుని కాలం నుండి సంస్కృత శాసనాలు కూడ కనబడతాయి. ఆయన 11వ పాలనా సంవత్సరంలో ఎలిశ్రీ అను సేనాని సర్వదేవాలయాన్ని నిర్మించినట్లు తెలిపే శాసనం సంస్కృతంలో ఉన్నది. అక్షరాల నిలువు గీతలను పైకి, కిందికి పొడుగ్గా సాగదీసి వ్రాయడం ఇక్ష్వాకుల లేఖకుల అలవాటు.

శాసనాల వలన తెలిసిన నలుగురు రాజులు వరుసగా: వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, వాసిష్ఠీపుత్ర ఎహువుల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. పేరుకు ముందు తల్లి గోత్రాన్ని చెప్పుకొనే ఆచారం వీరికి శాతవాహనుల నుండి వచ్చినది.

మహాచైత్యాన్ని వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో శాంతమూలుని సోదరియైన చాంతిసిరి పూర్తిచేయించినది. ఆమె రాజుకు మేనత్త, అత్తగారు కూడ. మరొక మేనత్త కుమార్తెలు ఇద్దరు కూడ ఆయన రాణులే. తెలుగునాట నేటికీ తెలిసిన మేనరికం పదిహేడు వందల ఏళ్ళనాటి రాజకుటుంబంలోనూ కనబడుతుందన్నమాట. ఉజ్జయిని రాజు కుమార్తె రుద్రధరభట్టారిక మహాచైత్యానికి దానం చేసినది. ఎహువులుని సోదరి కొడబలిసిరి వనవాసి రాజుకు భార్య. ఈమె మహీశాసక భిక్షువులకు విహారం కట్టించినది. రాజులు వైదిక యజ్ఞాలు చేయగా అదే కుటుంబంలోని స్త్రీలు బౌద్ధ సంఘానికి దానాలు చేయడం ఈ శాసనాలలో స్పష్టంగా కనబడుతుంది.

దాతలందరు రాజకుటుంబానికి చెందినవారు కారు. బోధిసిరి అను ఉపాసిక వీరపురుషదత్తుని 14వ సంవత్సరంలో చుళధమ్మగిరి వద్ద సింహళ ఆచార్యులకు చైత్యగృహం కట్టించినది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన, ద్రవిడ, తామ్రపర్ణి మొదలగు దేశాలలో ధర్మాన్ని వ్యాప్తిచేసిన ఆచార్యులుగా ఆ శాసనం వారిని కీర్తిస్తుంది. నేటి ఘంటసాలయైన కంటకసేలలో ఆమె చేసిన దానం కూడ అందులో ఉన్నది.

మహాతలవర అను అధికార బిరుదు శాసనాలలో తరచు వస్తుంది. తెలుగులోని తలారి అను మాటకు దీనితో సంబంధమున్నదని కొందరు పండితుల అభిప్రాయం.

కాలనిర్ణయం – మాయా నాగరికతతో పోలిక

ప్రపంచ చరిత్ర పాఠాలలో విద్యార్థులు మధ్య అమెరికాలోని మాయా నాగరికతను గురించి చదువుతారు. (ఈ మాయా అనేది ఒక జాతి పేరు. మన పురాణాలలోని మయునికిగాని, మయసభకుగాని దీనితో సంబంధం లేదు.) విజయపురి వర్ధిల్లిన శతాబ్దాలలోనే గ్వాటిమాలా అడవులలో టికాల్ మొదలగు మాయా నగరాలు వర్ధిల్లినవి. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే చరిత్రకారులు తేదీని ఎలా నిర్ణయిస్తారో సులభంగా తెలుస్తుంది.

మాయా ప్రజలు ఒక నిర్ణీత ప్రారంభదినం నుండి గడచిన మొత్తం రోజులను లెక్కించి రాళ్ళపై చెక్కేవారు. ఆ ప్రారంభదినం మన లెక్కలో క్రీ.పూ. 3114లో పడుతుంది. చుక్క ఒకటికి, అడ్డగీత ఐదుకు గుర్తులు. సున్నకు వేరే గుర్తు ఉన్నది. ఇరవైని ఆధారంగా చేసుకొన్న లెక్క ఇది. టికాల్‌లో లభించిన 29వ శిలాఫలకంపై ఉన్న తేదీ క్రీ.శ. 292వ సంవత్సరానికి సరిపోతుంది.

విజయపురి శాసనాలలో తేదీ ఉన్నది, కాని అది రాజు గద్దెనెక్కిన నాటినుండి లెక్కించినది. వీరపురుషదత్తుని 6వ సంవత్సరం అంటే ఆయన ఎప్పుడు రాజైనాడో తెలిసినప్పుడే మనకు ఉపయోగం. అందుకే ఇక్ష్వాకుల కాలాన్ని పండితులు కొన్ని దశాబ్దాల తేడాతో వేరువేరుగా చెబుతారు. అష్టభుజస్వామి ఆలయానికి సంబంధించిన శాసనం ఆభీర రాజైన వసుషేణుని పేరుతో, 30వ సంవత్సరం అను తేదీతో ఉన్నది. ఆ సంఖ్యను ఆయన పాలనా సంవత్సరంగా తీసుకోవాలా, లేక ఒక శకానికి చెందినదిగా తీసుకోవాలా అనే దానిపై భిన్నాభిప్రాయాలున్నవి. పాఠ్యపుస్తకాలలో ఇక్ష్వాకుల తేదీలు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి కారణమిదే.

లిపి విషయంలో పరిస్థితి తారుమారైనది. బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ 1837లోనే ఛేదించాడు. కనుక విజయపురి శాసనాలు దొరికిన కొద్ది సంవత్సరాలకే చదవగలిగారు. మాయా తేదీలను 19వ శతాబ్దం చివరిభాగంలోనే అర్థం చేసుకొన్నా, వారి లిపిలోని మాటలు చాలాకాలం చదవబడలేదు. 1562లో స్పానిష్ మతాధికారి దియేగో దె లాందా మాయా గ్రంథాలను తగులబెట్టించడం అందుకు ఒక కారణం. 1952లో రష్యన్ పండితుడు యూరీ క్నోరొజోవ్ ఆ లిపిలో అక్షరధ్వనులు ఉన్నవని చూపాడు. 1960లో తాత్యానా ప్రొస్కొరియాకోఫ్ ఆ రాతలు రాజుల జీవిత విశేషాలని నిరూపించినది. క్లుప్తంగా చెప్పాలంటే ఒకచోట పేర్లు తెలిసి సంవత్సరం తెలియక, మరొకచోట సంవత్సరం తెలిసి పేర్లు తెలియక పండితులు కష్టపడ్డారు.

మరొక తేడా కూడ గమనించదగినది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు టికాల్‌లో 1956లో తవ్వకాలు ప్రారంభించారు. అనగా నాగార్జునకొండలో పని జరుగుతున్న రోజులలోనే. టికాల్ ఇప్పటికీ అడవిలో నిలిచి ఉన్నది. అక్కడ ఏదైనా సందేహం వస్తే తిరిగి వెళ్ళి చూడవచ్చును. విజయపురి విషయంలో సందేహం వస్తే నివేదికలను, మ్యూజియంలోని వస్తువులను మాత్రమే చూడగలం.

తరలింపు, పునర్నిర్మాణం

తవ్విన కట్టడాలలో ముఖ్యమైనవాటిని ఎంపికచేసి రెండు చోట్ల తిరిగి నిర్మించారు. ఒకటి నాగార్జునకొండ పైభాగం. ఇక్కడ మహాచైత్యం, బోధిసిరి చైత్యగృహం, అశ్వమేధ స్థలం, స్నానఘట్టం, బృహత్ శిలా సమాధి మొదలగువాటిని చూడవచ్చును. రెండవది ఒడ్డుననున్న అనుపు. ప్రదర్శనశాల, ఒక విహార సముదాయం, హారీతి ఆలయం ఇక్కడ ఉన్నవి. ఈ విహార సముదాయమే విశ్వవిద్యాలయమని ప్రచారంలో ఉన్నది.

కొండపైని పురావస్తు మ్యూజియం 1966లో ప్రారంభమైనది. శిల్పాలు, శాసనాలు, నాణేలతోపాటు మునిగిన లోయ నమూనాను ఇక్కడ ప్రదర్శించారు. కొన్ని శిల్పాలు ఢిల్లీలోని జాతీయ మ్యూజియంలోను, పారిస్‌లోని గీమే మ్యూజియంలోను ఉన్నవి.

1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరా గాంధీ సాగర్ కాలువలకు నీరు విడుదల చేసినది. కుడికాలువకు జవాహర్ కాలువ అని పేరు. పల్నాడు, గుంటూరు, బాపట్ల, ప్రకాశం ప్రాంతాల మెట్టపొలాలకు ఈ నీరు అందినది. విజయపురిని ముంచిన నీరే పల్నాటి పొలాలను తడిపినది. ఈ రెండు వాస్తవాలను కలిపి చెప్పినప్పుడే పాఠం పూర్తి అవుతుంది. లోయలోని గ్రామాల ప్రజలు తమ ఇళ్ళను, భూములను వదలి వెళ్ళవలసి వచ్చినదని కూడ మరువరాదు.

నివేదికల ప్రాముఖ్యం

తవ్వకం అంటే ఒకవిధంగా స్థలాన్ని నాశనం చేయడమే. ఒక పొరను తొలగించిన తరువాత దానిని తిరిగి అక్కడ పరచలేము. అందువలన ఏ వస్తువు ఏ పొరలో, ఏ లోతులో, దేని పక్కన దొరికినదో వ్రాసి పెట్టకపోతే ఆ వస్తువు సగం విలువ కోల్పోతుంది. నీటమునిగిన స్థలం విషయంలో ఈ మాట మరింత నిజం.

1954–60 తవ్వకాల సమగ్ర నివేదిక మొదటి సంపుటం 1975లో వెలువడినది. చారిత్రక యుగానికి సంబంధించిన రెండవ సంపుటం 2006లో, అనగా తవ్వకాలు ముగిసిన 46 సంవత్సరాలకు ప్రచురింపబడినది. ఈలోగా ఒక తరం విద్యార్థులు సంక్షిప్త వార్షిక నివేదికల మీద, యాత్రా పుస్తకాల మీద ఆధారపడవలసి వచ్చినది.

నేటి పురావస్తు శాస్త్రంలో మట్టిలోని పుప్పొడిని పరీక్షించి ఆనాటి పంటలను తెలుసుకొంటారు. ఎముకలను పరీక్షించి ఆహారాన్ని, వ్యాధులను తెలుసుకొంటారు. బొగ్గు ముక్కల నుండి రేడియో కార్బన్ పద్ధతిలో కాలాన్ని లెక్కిస్తారు. 1954లో ఈ పద్ధతులు కొత్తవి, లేదా అందుబాటులో లేనివి. విజయపురి పొలాలలో ఏ పంటలు పండినవి, సామాన్యులు ఏమి తిన్నారు అను ప్రశ్నలకు ఆ నేల నుండి నేరుగా సమాధానం రాబట్టే అవకాశం నీటితోపాటు మూసుకుపోయినది.

పల్నాడులోని ఇతర స్థలాలు

ఇక్ష్వాకుల చరిత్రకు ఆధారాలు ఈ ఒక్క లోయలోనే లేవు. రెంటాల, కేశానపల్లి గ్రామాలలో శాంతమూలుని కాలపు శాసనాలు లభించినవి. గోలి గ్రామంలో 1926లో ఒక స్తూపపు శిల్పఫలకాలు బయటపడగా వాటిని మద్రాసు మ్యూజియంకు తరలించారు. వెస్సంతర జాతక కథను చెక్కిన ఫలకం వాటిలో పేరుపొందినది. మంచికల్లులో దొరికిన ప్రాకృత శాసనం పల్లవ సింహవర్మకు చెందినది. ఇక్ష్వాకుల తరువాత పల్నాడులో పల్లవుల అధికారం ఏర్పడినదని దీనివలన తెలుస్తున్నది. ఈ గ్రామాలు మునగలేదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల విద్యార్థులకు ఇవి దగ్గరలోనే ఉన్నవి.

విద్యార్థులు గమనించవలసిన విషయాలు

నాగార్జునకొండను, అనుపును సందర్శించే విద్యార్థులు ఈ కింది విషయాలను దృష్టిలో పెట్టుకొనడం మంచిది.

* కంటికి కనబడే కట్టడం మొదట అక్కడ కట్టినది కాదు. దాని అసలు చోటు నీటిలో ఉన్నది. కొండపైన పక్కపక్కనే ఉన్న రెండు కట్టడాలు లోయలో ఒకదానికొకటి చాలా దూరంలో ఉండి ఉండవచ్చును. మ్యూజియంలోని లోయ నమూనాను ముందు చూసి, తరువాత కట్టడాలను చూడడం సరియైన క్రమం.
* ప్రతి వస్తువు విషయంలో ఇది అసలుదా, తిరిగి కట్టినదా, కొత్తగా చేసిన నమూనానా అని అడగాలి. జలాశయానికి ఎడమ ఒడ్డున, తెలంగాణలో, 2022లో ప్రారంభమైన బుద్ధవనంలోని కట్టడాలు ఆధునికమైనవి. అవి తెలుసుకొనడానికి తోడ్పడతాయి కాని పురావస్తు ఆధారాలు కావు.
* శాసనం చెప్పినది, తవ్వకంలో కనబడినది, పండితులు ఊహించినది, జనశ్రుతిలో ఉన్నది అని నాలుగు గడులు గీసి తాము విన్న ప్రతి విషయాన్ని తగిన గడిలో వ్రాసుకొనాలి. మహాచైత్యాన్ని చాంతిసిరి పూర్తిచేయించినదన్నది మొదటి గడిలోకి, చక్రంవంటి పునాది రెండవ దానిలోకి, ప్రదర్శనశాలలో నాట్యం జరిగినదన్నది మూడవ దానిలోకి, నాగార్జునుని నివాసం నాలుగవ దానిలోకి వస్తాయి.
* సొంత గ్రామంలో చెక్కిన రాయి, పాత ఇటుకలు, నాణేలు కనబడితే వాటిని కదపరాదు, కడగరాదు, సున్నం పూయరాదు. ఉన్నచోటనే ఫొటో తీసి, కొలతలు, పొలం గుర్తులు వ్రాసి, ఉపాధ్యాయుని ద్వారా రెవెన్యూ అధికారులకు లేదా పురావస్తు శాఖకు తెలియజేయాలి. భూమిలో దొరికిన విలువైన పాత వస్తువులను కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం నిర్దేశిస్తుంది.